సర్వరు అమరికలు సంఘం పుస్తకంలో ఉండాలి

(పలు కౌంటర్లు గల పాల సంఘాలకు ఒక వివరణ)



2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో జరిగిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు కౌంటర్ల దగ్గర కంప్యూటర్లు నిలిచిపోయినవి. కొన్ని విమానాలు రద్దయినవి, మరికొన్ని ఆలస్యమైనవి. కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. తప్పు మన ఊరిలో జరిగినది కాదు. అమెరికాలోని క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటరు భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు మూలంగా ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నవని మైక్రోసాఫ్ట్ సంస్థ అంచనా వేసినది.

ఈ సంఘటనలో మన సంఘాలకు రెండు పాఠాలు ఉన్నవి. ఒకటి: పనిని ఒక చోటికి చేర్చినప్పుడు సౌకర్యం పెరుగుతుంది, కాని ఆ ఒక్క చోట పొరపాటు జరిగితే పని అంతటా నిలుస్తుంది. రెండు: కాగితం, కలం సిద్ధంగా ఉన్నవారు ఆ రోజు కూడా ప్రయాణికులను పంపగలిగారు.

పాల సంఘానికి విమానాశ్రయంతో పోలిక ఏమిటని మీరు అడగవచ్చు. మన పెద్ద సంఘాలలోను, బల్క్ కూలర్ కేంద్రాలలోను ఇప్పుడు ఒక కంప్యూటరు సరిపోవడం లేదు. పాల సేకరణకు ఒకటి, బిల్లులకు ఒకటి, దాణా అమ్మకానికి ఒకటి, అప్పుల ఖాతాకు ఒకటి కావలసి వస్తున్నది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు 63,000 వరకు కంప్యూటరీకరించడానికి 2,516 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న ఆమోదించినది. సహకార రంగమంతా ఆ దారినే పోతున్నది. ఖర్చు తగ్గుతుందని కొన్ని కార్యాలయాలలో ఒక సర్వరు పెట్టి, దానికి నాలుగైదు "థిన్ క్లయింటు" పెట్టెలు తగిలిస్తున్నారు. ఇది మంచి పద్ధతే. అయితే సర్వరులోని అమరికలు ఏమిటో పాలకవర్గానికి తెలియకపోతే ఎంత చిక్కు వస్తుందో మేము స్వయంగా చూశాము. మేము కంప్యూటరు ఇంజనీర్లము కాము. సహకార డిప్లొమా చదివి, పుస్తకాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లము. అయినా లెక్కలు ఎక్కడ ఉంటే అక్కడికి మేము వెళ్లవలసిందే గనుక, తెలుసుకొన్నంతవరకు మీకు తెలియజేస్తున్నాము.

థిన్ క్లయింటు అనగా ఏమి?

మామూలు కంప్యూటరులో లెక్కలు దాచే డిస్కు, లెక్క చేసే భాగం, ప్రోగ్రాములు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. థిన్ క్లయింటు అరచేతి కంటె కొంచెం పెద్దదైన చిన్న పెట్టె. దీనిలో డిస్కు ఉండదు, ఉన్నా పేరుకు మాత్రమే. దీనికి తెర, కీబోర్డు, మౌసు, ఒక నెట్‌వర్కు తీగ తగిలిస్తారు. ప్రోగ్రాములు, సభ్యుల ఖాతాలు సర్వరులో ఉంటాయి. పెట్టె వాటిని అడిగి తెచ్చుకొని తెర మీద చూపుతుంది, మీరు కొట్టిన అంకెలను సర్వరుకు పంపుతుంది.

పాల భాషలో చెప్పాలంటే పెట్టె క్యాను వంటిది, సర్వరు బల్క్ కూలరు వంటిది. క్యానుకు సొట్టపడితే మరొక క్యాను తెచ్చుకొంటాము. కూలరు ఆగిపోతే ఊరంతటి పాలు విరుగుతాయి. పెట్టె పాడైతే దాని స్థానంలో మరొకటి పెట్టవచ్చు. అందులో మీ లెక్కలు ఏవీ ఉండవు కాబట్టి నష్టం లేదు. కరెంటు కూడా తక్కువ తీసుకొంటుంది. కాని సర్వరు ఆగితే అన్ని తెరలూ ఆగినట్టే.

ఈ పంపకం పద్ధతి మనకు కొత్త కాదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ పరికరాలను ఎంపిక చేశారు. ఒక కంప్యూటరు శక్తిని పలువురు పిల్లలు పలు తెరల ముందు కూర్చొని పంచుకోవడమే అక్కడి ఏర్పాటు. విమానాశ్రయాలలో దీనికి దగ్గర పద్ధతి ఇంకా పాతది. ఒకే కౌంటరును పలు విమాన సంస్థలు వంతులవారీగా వాడుకొనే ఏర్పాటును సీటా అనే సంస్థ 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సు సందర్భంగా ప్రారంభించినది. ఉదయం ఒక సంస్థ ఉద్యోగి, సాయంత్రం మరొక సంస్థ ఉద్యోగి అదే బల్ల ముందు కూర్చొని తమ తమ పని చేసుకొంటారు. బల్ల అందరిది, లెక్క ఎవరిది వారికే.

ఎవరికి అవసరం, ఎవరికి అక్కరలేదు?

ఒకే గది, ఒకే కౌంటరు గల గ్రామ సంఘానికి ఇది అక్కరలేదు. తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసి చీటీ ఇచ్చే సేకరణ యంత్రం, ఒక మామూలు కంప్యూటరు ఉంటే చాలు. నాలుగు, అంతకు మించిన కౌంటర్లు ఒకే భవనంలో ఉన్నచోటనే సర్వరు లాభసాటి. అమ్మేవారు చెప్పినంత మాత్రాన సంఘం సొమ్ము ఖర్చు చేయవద్దని మా మొదటి మనవి.

ఉదయం స్విచ్చి వేయగానే ఏమి జరుగుతుంది?

డిస్కు లేని పెట్టెకు ఉదయం లేవగానే తానెవరో తెలియదు. అది తీగ మీద వరుసగా నాలుగు ప్రశ్నలు అడుగుతుంది.

మొదటి ప్రశ్న: "నా నంబరు ఎంత?" సంఘంలో ప్రతి సభ్యునికి ఒక నంబరు ఉన్నట్లే నెట్‌వర్కులో ప్రతి పెట్టెకు ఒక నంబరు ఉండాలి. దీనిని ఐ.పి. అడ్రసు అంటారు. పెట్టె వీధిలో కేక వేసినట్లు అందరికీ వినిపించేటట్లు అడుగుతుంది. నంబర్లు పంచే అధికారం ఉన్న సర్వరు జవాబిస్తుంది. ఈ పద్ధతి పేరు డి.హెచ్.సి.పి., ఇది 1993లో వచ్చినది.

రెండవ ప్రశ్న: "నా సామాను ఎవరి దగ్గర ఉన్నది?" దీనికి జవాబుగా సామాను ఇచ్చే సర్వరు అడ్రసు రావాలి.

మూడవ ప్రశ్న: "ఏ ఫైలు తెచ్చుకోవాలి?" పెట్టె మేలుకోవడానికి కావలసిన మొదటి ఫైలును బూటు ఫైలు అంటారు. దాని పేరు అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి. ఈ ఫైలును పంపే పద్ధతి టి.ఎఫ్.టి.పి., ఇది 1981 నాటిది. ఈ మూడు ప్రశ్నలను ఒక క్రమంలో పెట్టి, డిస్కు లేని పెట్టె నెట్‌వర్కు మీద మేలుకొనే పద్ధతికి పి.ఎక్స్.ఇ. అని పేరు. దీని 2.1 ప్రమాణాన్ని ఇంటెల్ సంస్థ 1999లో ప్రకటించినది.

నాలుగవ ప్రశ్న: "ఈ కూర్చున్న మనిషి ఎవరు?" పేరు, రహస్యపదం సరిపోతే ఆ మనిషికి అనుమతించిన పని మాత్రమే తెరుచుకొంటుంది.

నాలుగు జవాబులూ ఒకదాని తరువాత ఒకటి సరిగా వస్తేనే తెర వెలుగుతుంది. మధ్యలో ఏ ఒక్క జవాబు తప్పినా పెట్టె అక్కడే ఆగిపోతుంది. దీనిని గుర్తుంచుకొంటే తక్కినదంతా సులభం.

ఒక సంఘంలో జరిగిన సంగతి

శంషాబాద్ పరిసరాలలోని ఒక సంఘం. పేరు అవసరం లేదు. విమానాశ్రయానికి, అవుటర్ రింగు రోడ్డుకు భూములు పోగా మిగిలిన పొలాలతో, బర్రెలతో బతుకుతున్న కుటుంబాలు అక్కడి సభ్యులు. వారికి పక్షానికొకసారి వచ్చే పాల బిల్లే చేతి ఖర్చు. కార్యాలయంలో ఒక సర్వరు, ఐదు పెట్టెలు ఉన్నవి.

తొలకరికి ముందు ఒక సాయంత్రం ఉరుములు, మెరుపులతో వాన పడి ఇంటర్‌నెట్ పెట్టె కాలిపోయినది. మరునాడు ఇంటర్‌నెట్ మనిషి వచ్చి కొత్త పెట్టె బిగించి, తీగను కనిపించిన చోట తగిలించి వెళ్లాడు. ఆ మరుసటి ఉదయం ఐదు తెరలలో రెండే వెలిగినవి. రెండవ నాడు వేరే మూడు వెలిగినవి. మూడవ నాడు ఒక్కటే. మొదట అమర్చిన మెకానిక్ వేరే పట్టణానికి వెళ్లిపోయాడు, ఫోను ఎత్తలేదు. సర్వరు రహస్యపదం అతనికే తెలుసు. మరొక దుకాణంవారు వచ్చి చూసి, సర్వరు పాతబడినది, కొత్తది కొనవలెనని చెప్పి అంచనా కాగితం ఇచ్చారు. ఇంతలో పక్షం బిల్లు గడువు దాటినది. బ్యాంకుకు జాబితా పోలేదు. కార్యదర్శి సొమ్ము వాడుకొన్నాడనే మాట ఊరిలో పుట్టినది.

మేము వెళ్లిన రోజు ఒక వృద్ధ సభ్యురాలు మెట్ల మీద కూర్చొని ఉన్నది. "సారూ, నా బర్రె పాలిచ్చుడు ఆపిందా? డబ్బాలు ఆగితే నా పైసలెందుకు ఆగాలె?" అని అడిగినది. "అవ్వా, నీ ప్రశ్న న్యాయమైనదే" అనడం తప్ప మాకు అప్పుడు జవాబు లేదు.

మినిట్స్ పుస్తకం తెరిచి చూశాము. సర్వరు కొన్న తీర్మానం ఉన్నది, ధర ఉన్నది, రసీదు ఉన్నది. అది ఎలా అమర్చబడినదో ఒక్క ముక్క లేదు. చివరకు పాలిటెక్నిక్ చదువుతున్న కార్యదర్శి గారి అమ్మాయి ఒక పెట్టె ముందు నిలబడి, తెర మీద క్షణంసేపు కనిపించి పోయే ఇంగ్లీషు వాక్యాన్ని సెల్‌ఫోనుతో ఫోటో తీసినది. "బూటు ఫైలు పేరు అందలేదు" అని దాని అర్థం. "సార్, పెట్టెకు నంబరైతే వస్తున్నది, ఫైలు పేరు వస్తలేదు. నంబరు ఇంకెవరో ఇస్తున్నరు" అని ఆ అమ్మాయి అన్నది.

అదే నిజం. కొత్త ఇంటర్‌నెట్ పెట్టె కూడా తన వంతుగా నంబర్లు పంచుతున్నది. ఇళ్లలో వాడే ఇంటర్‌నెట్ పెట్టెలు అలా అమరి వస్తాయి. దానికి బూటు ఫైలు సంగతి తెలియదు. పెట్టె కేక వేసినప్పుడు ఇద్దరు జవాబిస్తున్నారు. సర్వరు జవాబు ముందు అందిన పెట్టె మేలుకొన్నది, ఇంటర్‌నెట్ పెట్టె జవాబు ముందు అందినది ఆగిపోయినది. అందుకే రోజుకొక తీరుగా ఉన్నది. ఆ తీగ ఊడదీసి ఐదు పెట్టెలనూ తిరిగి వేశాము. ఐదు తెరలూ వెలిగినవి. కొత్త సర్వరు అవసరం లేదు, పైసా ఖర్చు లేదు. ఆ సాయంత్రమే జాబితా బ్యాంకుకు వెళ్లినది. కార్యదర్శిపై వచ్చిన మాట మాత్రం పోవడానికి నెలలు పట్టినది.

ఒకే సంఘంలో ఇద్దరు గుమస్తాలు విడివిడిగా సభ్యత్వ నంబర్లు ఇస్తే ఏమవుతుందో మనకందరికీ తెలుసు. ఇక్కడా అంతే. ఒక నెట్‌వర్కులో నంబర్లు పంచే చేయి ఒక్కటే ఉండాలి.

సర్వరులో ఉండవలసిన అమరికలు

1. సర్వరు నంబరు స్థిరంగా ఉండాలి. ఊరిలో పోస్టాఫీసు రోజుకొక ఇంటికి మారితే ఉత్తరాలు చేరవు. ఉదాహరణకు సర్వరుకు 192.168.67.1 అని పెట్టి, ఇక మార్చరాదు. 192.168తో మొదలయ్యే నంబర్లు లోపలి నెట్‌వర్కుల కోసం కేటాయించినవి, ఎవరైనా తమ కార్యాలయంలో వాడుకోవచ్చు. మాస్కు 255.255.255.0 అని ఉంటే ఆ వరుసలో 254 నంబర్లు పెట్టెలకు దొరుకుతాయి.

2. పంచే నంబర్ల హద్దు రాసుకోవాలి. 20 నుండి 60 వరకు అనుకొంటే, ఐదు పెట్టెలకు, ప్రింటర్లకు ధారాళంగా సరిపోతుంది. కొన్ని చోట్ల హద్దు మరీ చిన్నది పెట్టి, అదే తీగల మీద వైఫై కూడా ఇస్తున్నారు. పాలు పోయడానికి వచ్చినవారి సెల్‌ఫోన్లే నంబర్లన్నీ తీసుకొంటే కౌంటరు పెట్టెకు నంబరు మిగలదు. సందర్శకుల వైఫై వేరుగా ఉండాలి.

3. ఇంటర్‌నెట్ పెట్టె, థిన్ క్లయింట్లు కలిసిపోకూడదు. దీనికి రెండు మార్గాలు. సర్వరుకు రెండు నెట్‌వర్కు కార్డులు పెట్టి, ఒకటి ఇంటర్‌నెట్ పెట్టెకు, రెండవది కౌంటర్ల స్విచ్చికి తగిలించడం మంచి మార్గం. అది వీలుకానిచోట ఇంటర్‌నెట్ పెట్టెలో నంబర్లు పంచే పనిని ఆపివేయాలి. పెట్టె మార్చిన ప్రతిసారి దీనిని మళ్లీ చూడాలి.

4. బూటు సర్వరు అడ్రసు, బూటు ఫైలు పేరు రాసుకోవాలి. డి.హెచ్.సి.పి. అమరికలలో ఇవి 66, 67 అనే వరుస నంబర్ల కింద ఉంటాయి. పాత పెట్టెలు బయాస్ పద్ధతివి, కొత్తవి యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతివి. ఈ రెండింటికి బూటు ఫైలు వేరు. పాత పెట్టెల మధ్య ఒక కొత్త పెట్టె కొని తెచ్చి, "ఇది పనిచేయదు" అని తిప్పి పంపిన చోట్లున్నవి. పెట్టెలో లోపం లేదు, దానికి తగిన ఫైలు పేరు సర్వరులో చేర్చలేదు.

5. ప్రతి పెట్టె పుట్టుమచ్చ నంబరు రాసుకోవాలి. తయారీలోనే ప్రతి నెట్‌వర్కు కార్డుకు 12 అంకెల, అక్షరాల గుర్తు వేస్తారు. దీనిని మాక్ అడ్రసు అంటారు. పెట్టె కింద చీటీ మీద సాధారణంగా అచ్చువేసి ఉంటుంది. ఏ గుర్తు ఏ కౌంటరుదో సర్వరుకు చెప్పి ఉంచితే ఆ కౌంటరుకు ఎప్పుడూ అదే నంబరు వస్తుంది. దాణా చీటీ పాల కౌంటరు ప్రింటరులో రావడం వంటి చిక్కులు తప్పుతాయి.

6. ఎవరి పేరు వారికే. పాలు కొలిచేవారికి వెన్న శాతం ఎక్కించే అధికారం, కార్యదర్శికి బిల్లు తీసే అధికారం, తనిఖీకి వచ్చినవారికి చూసే అధికారం మాత్రమే ఉండాలి. అందరూ ఒకే పేరుతో లోపలికి పోతే, అంకె ఎవరు దిద్దారో ఆడిట్‌లో తేలదు.

7. గడియారం. చాలా అమరికలలో పెట్టెలన్నీ సర్వరు గడియారాన్నే చూస్తాయి. సర్వరు లోపలి బొత్తాము బ్యాటరీ అయిపోతే తేదీ వెనుకకు పోవచ్చు. అప్పుడు నేటి పాలు ఏ పాత సంవత్సరం తేదీలోనో జమపడతాయి. ఉదయం మొదటి చీటీ మీది తేదీ, వేళ చూసిన తరువాతనే రెండవ చీటీ ఇవ్వాలి.

8. అనుమతుల గడువు. విండోస్ సర్వరు మీద దూరపు తెరలు నడపాలంటే ప్రతి మనిషికి గాని, ప్రతి పెట్టెకు గాని లైసెన్సు కొనాలి. కొనకపోయినా మొదటి 120 రోజులు నడుస్తుంది, తరువాత తెరలు నిలుస్తాయి. అమ్మినవారు బిల్లు తీసుకొని వెళ్లిన నాలుగు నెలలకు ఇది బయటపడుతుంది. కొనేటప్పుడే అడగాలి. లైసెన్సు సొమ్ము అక్కరలేని ఏర్పాటు కూడా ఉన్నది. లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు పేరుతో 1999లో మొదలైనది ఇందుకే తయారైనది. అయితే అది నడపగల మనిషి దగ్గరలో ఉన్నప్పుడే దాని జోలికి పోవాలి.

9. తీగలు, కరెంటు. ఒక తీగ 100 మీటర్లకు మించరాదు. యు.పి.ఎస్. సర్వరుకే కాదు, తీగలన్నీ కలిసే స్విచ్చి పెట్టెకు కూడా ఉండాలి. సర్వరు బతికి, స్విచ్చి ఆగితే ఫలితం ఒకటే. సర్వరును కూలరు గదిలో తడి తగిలేచోట ఉంచరాదు.

10. నకలు. ప్రతి రాత్రి లెక్కల నకలు వేరే డిస్కులోకి పోవాలి. వారానికొక డిస్కు భవనం బయట ఉండాలి. నకలు తీశామనుకొంటే చాలదు. నెలకొకసారి దానిని తెరిచి, ఒకరిద్దరు సభ్యుల ఖాతాలు పాస్‌బుక్కులతో సరిచూడాలి.

తెర వెలగనప్పుడు ఎక్కడ చూడాలి?

మెకానిక్‌ను పిలిచే ముందు నాలుగు సంగతులు చూసుకోవచ్చు. తెర మీద ఇంగ్లీషులో పి.ఎక్స్.ఇ. అని, దాని పక్కన ఇ అక్షరంతో ఒక అంకె కనిపిస్తుంది. పాత బయాస్ పెట్టెలలో సాధారణంగా కనిపించేవి ఇవి:

ఇ 61 – తీగ తగలలేదు. తీగ ఊడినదేమో, ఎలుక కొట్టినదేమో, స్విచ్చి దీపం వెలుగుతున్నదేమో చూడండి.

ఇ 51 – నంబరు ఇచ్చేవారు పలకలేదు. సర్వరు మేలుకొనలేదు, లేదా నంబర్లు పంచే పని దానిలో ఆగిపోయినది, లేదా హద్దులోని నంబర్లు అయిపోయినవి.

ఇ 53 – నంబరు వచ్చినది, ఫైలు పేరు రాలేదు. నంబరు వేరేవారు ఇస్తున్నారేమో, ఎవరైనా కొత్త పెట్టె తగిలించారేమో చూడండి. పైన చెప్పిన సంఘంలో వచ్చినది ఇదే.

ఇ 32 – ఫైలు పేరు తెలిసినది, ఫైలు ఇచ్చేవారు పలకలేదు. సర్వరులో టి.ఎఫ్.టి.పి. ఆగినది, లేదా భద్రతా గోడ అడ్డుపడుతున్నది, లేదా సర్వరు అడ్రసు తప్పుగా రాసి ఉన్నది.

కొత్త పెట్టెలలో అంకెలు వేరుగా ఉంటాయి, కాని ప్రశ్నల వరుస ఇదే. ఒక్క తెర ఆగితే ఆ పెట్టెను, దాని తీగను చూడండి. అన్నీ ఆగితే సర్వరును, స్విచ్చిని చూడండి. రోజుకొకటి ఆగితే నంబర్లు పంచే రెండవ చేతిని వెతకండి. ఫోటో తీసి పంపితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

అమరికల పుస్తకం

ఇప్పుడు మేము ముఖ్యంగా చెప్పదలచిన సంగతికి వస్తున్నాము. సంఘం 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద ఏర్పడినా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఏర్పడినా, లెక్కలు సంఘానివి. లెక్కల పుస్తకం బీరువాలో ఉన్నప్పుడు తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నదో పాలకవర్గానికి తెలుసు. లెక్కలు సర్వరులోకి వెళ్లినప్పుడు ఆ తాళపుచెవి మెకానిక్ జేబులో ఉండిపోవడం తగదు.

కాబట్టి ప్రతి సంఘం ఒక 100 పేజీల నోటు పుస్తకం కొని, దానికి అమరికల పుస్తకమని పేరు పెట్టవలెను. అందులో ఈ క్రిందివి రాయవలెను:

సర్వరు నంబరు, మాస్కు, పంచే నంబర్ల హద్దు. బూటు సర్వరు అడ్రసు, బూటు ఫైళ్ల పేర్లు. ప్రతి కౌంటరు పేరు, దాని పెట్టె గుర్తు, దాని ప్రింటరు. ఏ తీగ ఎక్కడి నుండి ఎక్కడికి పోతున్నదో ఒక చేతి పటం. లైసెన్సు కాగితాల నంబర్లు, గడువు తేదీలు. నకలు ఎప్పుడు, ఎవరు తీశారు, ఎప్పుడు తెరిచి చూశారు. మార్పు చేసిన ప్రతిసారి తేదీ, ఏమి మార్చారు, ఎందుకు మార్చారు, మార్చినవారి సంతకం, కార్యదర్శి సంతకం.

రహస్యపదాలు ఈ పుస్తకంలో రాయరాదు. వాటిని వేరే కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, అధ్యక్షుని స్వాధీనంలో బీరువాలో ఉంచవలెను. మెకానిక్ మారినా, కార్యదర్శి మారినా అదే రోజు రహస్యపదం మార్చి కొత్త కవరు పెట్టవలెను. మెకానిక్‌కు చివరి బిల్లు చెల్లించే ముందు ఈ పుస్తకం నింపించి, దాని ప్రకారం ఒక పెట్టెను వేరే మనిషి చేత తిరిగి అమర్పించి చూడవలెను. పుస్తకం చూసి అమర్చలేకపోతే పుస్తకం పూర్తి కాలేదన్నమాట.

కాగితం చీటీల కట్ట

ఎంత జాగ్రత్త పడినా ఒక రోజు ఆగవచ్చు. పాలు మాత్రం ఆగవు. అందుకని ప్రతి కౌంటరులో వరుస నంబర్లు వేసిన రెండు ప్రతుల చీటీ పుస్తకాలు, ఒక కార్బను కాగితం, తాజా ధరల పట్టిక ఎప్పుడూ ఉండవలెను. సభ్యుని నంబరు, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. రాసి ఒక ప్రతి సభ్యునికి ఇవ్వవలెను. సర్వరు లేచిన తరువాత రెండవ ప్రతి చూసి ఎక్కించి, ఎక్కించినట్లు చీటీ మీద గుర్తు వేయవలెను. శంషాబాద్ విమానాశ్రయంలో 2024లో కలం పట్టుకొన్న ఉద్యోగులు చేసినది ఇదే. సంవత్సరానికి రెండు పూటలైనా సర్వరు ఆపి, చీటీలతో పాలు పట్టి చూస్తే కొత్తగా చేరిన ఉద్యోగులకు ఈ పని చేతికి వస్తుంది.

సభ్యులకు మనవి

ఇదంతా కార్యదర్శి పని, మనకెందుకని సభ్యులు అనుకోవద్దు. రాబోయే సర్వసభ్య సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. అమరికల పుస్తకం ఉన్నదా? కవరు బీరువాలో ఉన్నదా? నకలు తెరిచి చూసిన చివరి తేదీ ఏది? ఈ మూడింటికి జవాబు వచ్చిన సంఘంలో ఒక తెర ఆగినంత మాత్రాన బిల్లు ఆగదు, కార్యదర్శిపై నింద పడదు.

పైన చెప్పిన సంఘంలో ఇప్పుడు ఆ పుస్తకం ఉన్నది. మొదటి పేజీ ఆ పాలిటెక్నిక్ అమ్మాయి చేతిరాతతో ఉన్నది. ఇంటర్‌నెట్ తీగకు ఎర్ర టేపు చుట్టి, "కౌంటర్ల స్విచ్చికి తగిలించరాదు" అని తెలుగులో చీటీ కట్టారు. మా తరువాతి తనిఖీలో మెట్ల మీది అవ్వ మళ్లీ కనిపించి, "పైసలు పడ్డయి సారూ" అన్నది. తక్కిన సంఘాలు కూడా ఈ విషయంలో తగిన శ్రద్ధ వహించగలవని ఆశిస్తున్నాము.